నిదానిస్తే ఆగిపోయే కారు

కారు దారిలో ఆగిపోయిన ప్రతిసారీ నాకు లోపల్లోపల సంతోషంగా ఉండేది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఫలానా చోట కారు ఆగింది, నాయనకు కోపం వచ్చింది అని మాత్రమే రాశాను. సంతోషం సంగతి రాస్తే అది ఎందుకో కూడా రాయాల్సి వస్తుంది. ఎందుకో నాకే సరిగ్గా తెలియదు. ఆ కారు ఆగకుండా నడవాలని మా ఇంట్లో అందరికంటే ఎక్కువగా కోరుకున్నది కూడా నేనే.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారిపోయిన మరుసటి సంవత్సరం నేను నంద్యాలలో ఆడపిల్లల ట్రైనింగ్ స్కూల్లో చేరాను. మాది ఆళ్లగడ్డ. సోమవారం చీకటితోనే బయలుదేరి ప్రార్థన గంట కొట్టేలోపల స్కూలు చేరాలి. శనివారం మధ్యాహ్నం మళ్లీ ఇంటికి. మధ్యలో హాస్టలు. పెండ్లి కాని పిల్లను బస్సులో పంపడం నాయనకు ఇష్టం లేదు. "మన కారులో పోతే పో, లేకుంటే ఇంట్లో ఉండు" అని చేరిన రోజే చెప్పాడు. కాబట్టి కారు నడిచినన్నాళ్లే నా చదువు.

అది మామూలు కారు కాదు. నాయన ఎవరో దొరల దగ్గర పాతబడిన పెద్ద పెట్రోలు కారును కొని, మద్రాసు పంపి, దాని ఇంజను తీసేయించి డీజిల్ ఇంజను పెట్టించాడు. మా బావికాడ నీళ్లు తోడే ఆయిలింజను ఉంది. దానికోసం ఇంట్లో ఎప్పుడూ డీజిల్ డ్రమ్ము ఉండేది. బావికీ కారుకూ ఒకే డ్రమ్ము సరిపోతుందని నాయన లెక్క. మద్రాసు వాళ్లు వెనక డిక్కీలో కొత్త ట్యాంకు కూడా అమర్చారు. డ్రమ్ములోంచి బకెట్టుతో పోసుకోవడానికి వీలుగా దానికి బిందె మూతంత వెడల్పాటి మూత పెట్టారు. కారు స్టార్టయితే వీధి చివరి వరకూ బావి ఇంజను చప్పుడే. మా జేజి, అంటే నాయన తల్లి, "బాయిని ఇంటికి తెచ్చినట్టుండాది" అనేది.

కారు నడిపేది ఒక సాయిబు. నాయన కంటే పెద్దవాడు. ఆయన పక్కన నాయన వీలైనప్పుడు కూర్చునేవాడు. వెనక సీట్లో నాకు తోడు ఎప్పుడూ జేజే. నన్ను నంద్యాలలో దించి ఆమె అదే కారులో వెనక్కి పోయేది.

మొదటి కొన్ని వారాలు బాగానే నడిచింది. తర్వాత ఒక సోమవారం శిరివెళ్ల దాటాక, వాగు దగ్గర బర్రెలు అడ్డం వచ్చాయని డ్రైవరు బ్రేకు వేశాడు. కారు నిదానించింది. బర్రెలు పోయాయి. ఆయన మళ్లీ తొక్కబోయేసరికి ఇంజను రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. ఆయన దిగి బానెట్ ఎత్తి, ఒక చిన్న మర వదులు చేసి, చేత్తో పంపు కొట్టాడు. మర దగ్గర నురగ నురగగా డీజిల్ వచ్చింది. నురగ పోయి ఉత్త డీజిల్ వచ్చేదాకా కొట్టి, మర బిగించి, స్టార్టు చేస్తే నడిచింది.

"పైపులోకి గాలి పోతాందప్పా" అన్నాడు నాయనతో.

"యాడనుంచి పోతాంది?"

"అదే తెలియాల."

ఆ రోజు నుంచి అంతే. నిదానిస్తే చాలు, ఆగిపోయేది. ప్రతిసారీ కూడా కాదు. ఒక్కోసారి ఊళ్లో జనం మధ్య ఎంతో మెల్లగా పోయినా ఏమీ అయ్యేది కాదు. పోనీలే బాగైంది అనుకునే లోపల ఎక్కడో చెట్టూ చేమా లేనిచోట ఆగేది. ఎద్దుల బండ్ల వాళ్లు పక్కనుంచి పోతూ మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు. "ఏమప్పా సాయిబూ, మా ఎద్దులు కట్టమంటావా? కారుకు గడ్డి మాత్రం మీరే ఏసుకోవాల" అన్నాడొకడు. డ్రైవరు పంపు కొడుతూనే, "నీ ఎద్దులు డీజిల్ తాగుతాయంటే తోలకరా" అన్నాడు.

నేను దిగి కాస్త దూరంలో నిలబడేదాన్ని. సంచిలో, తువ్వాలు కింద, నంద్యాల లైబ్రరీ పుస్తకం ఉండేది. నాయన రాని రోజుల్లో దాన్ని తీసి రెండు పేజీలు చదివేదాన్ని. ఆ సంతోషం చదువుకోవడానికి సమయం దొరికినందుకే అని మొదట అనుకున్నాను. కానీ నాయన పక్కనుండి పుస్తకం తియ్యలేని రోజుల్లోనూ అదే సంతోషం. ట్రైనింగ్ స్కూల్లో వంతులవారీగా పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాలి. వెనక బెంచీల్లో మా తోటి వాళ్లూ టీచర్లూ కూర్చుని తప్పులు రాసుకుంటుంటారు. నా వంతు వచ్చే వారం దగ్గరపడే కొద్దీ నాకు అన్నం సయించేది కాదు. కారు ఆగితే ఆ గది ఇంకాస్త దూరమైనట్టుండేది. మళ్లీ వెంటనే, ఇలాగే ఆగుతూ పోతే ఆ గదే ఉండదు కదా అని భయం వేసేది. ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి కాదు, ఒకేసారి వచ్చేవి. ఏది నిజమో తేల్చుకోలేకపోయేదాన్ని.

జేజి మాత్రం కొంచెం కూడా తొందరపడేది కాదు. ఆగిన కారులోనే కాళ్లు మడిచి కూర్చుని వక్కాకు నమిలేది. "ఆగింది గదా, ఊరికే ఆగదులే" అనేది. ఆమె అంత నిమ్మళంగా ఎలా ఉంటుందో నాకు అంతుపట్టేది కాదు.

నంద్యాలలో ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయారు. ఆయన షెడ్డు ముందు కారును నిలబెట్టి ఇంజను ఆడించాడు. అది ఎంతసేపైనా ఆగలేదు. ఒకే తీరుగా ఆడుతూనే ఉంది. ఆయన చేతులు తుడుచుకుని, "దీనికేం రోగం ల్యాదప్పా. రోగం మీ దారికుండాది" అన్నాడు.

"దారికి మందెయ్యాలనా ఇప్పుడు?" అన్నాడు నాయన.

మేస్త్రీ నవ్వి, ఇంజను మరీ నెమ్మదిగా ఆడుతోందేమోనని మర తిప్పి వేగం పెంచాడు. దాంతో నిలబడి ఉన్నప్పుడు కూడా కారు వడ్ల మిల్లులా మోగడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రమే అదే మోతతో వచ్చి వచ్చి వాగు దగ్గర ఆగింది. తర్వాత ఫిల్టరు మార్చారు. రాగి పైపులు మార్చారు. వాషర్లు మార్చారు. నాయనకు తెలిసిన ఇంజను బావికాడిదే. "అయిదేండ్లుగా ఆడుతాంది, ఒక్కనాడన్నా ఇట్ల సేసిందా?" అని దాన్ని మెచ్చుకునేవాడు. బావి ఇంజను ఎప్పుడూ ఒకే వేగంతో ఒకేచోట ఆడుతుందనీ, దానికి నిదానించే పనే లేదనీ నాకు తోచింది. చెప్పలేదు. నాయన ముందు నేను ఏ సంగతీ మొదలుపెట్టి మాట్లాడేదాన్ని కాదు.

మద్రాసు నుంచి ఇంజనుతోపాటు ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. నాయన పెట్టెలోంచి దాన్ని తీసి, నిఘంటువు పెట్టుకుని, అందరూ నిద్రపోయే మధ్యాహ్నాల్లో చదివాను. ఇంజను ఆగిపోవడానికి కారణాలు ఒక పేజీ నిండా ఉన్నాయి. చదివే కొద్దీ అన్నీ మా కారుకే ఉన్నట్టు అనిపించేది. వైద్య పుస్తకం చదివినవాళ్లకు అన్ని రోగాలూ తమకే ఉన్నట్టు ఉంటుందంటారు, అలాగ. కొన్ని మాటలకు అర్థం దొరికినా వస్తువు ఏదో తెలిసేది కాదు. ఆగిన చోట్లన్నీ డైరీలో రాసుకున్నాను కదా, వాటిని పక్కపక్కన పెట్టి చూశాను. వాగు, శిరివెళ్ల, మళ్లీ వాగు, నంద్యాల ఇవతల, గోస్పాడు మలుపు. ఏమీ తేలలేదు.

ఈలోపల డ్రైవరు ఒక ఉపాయం పన్నాడు. నిదానిస్తేనే కదా ఆగేది, నిదానించకుండా ఉంటే సరి. ఒక సోమవారం శిరివెళ్ల బజారులోంచి హారను మోగిస్తూ అదే వేగంతో పోనిచ్చాడు. కోళ్లు ఎగిరి పందిళ్ల మీద పడ్డాయి. గంపలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు లేచి నిలబడి తిట్టారు. జేజి నా మోచెయ్యి పట్టుకుని, "సాయిబూ, మెల్లగ పోనీ. నువ్వు పోతే పో, బండ్లో బిడ్డ ఉండాది" అంది.

"మెల్లగ పోతే ఆగుతాదవ్వా."

"ఆగనీ. ఆగితే సస్తామా?"

ఆ వాదన ముగిసేసరికి వాగు వచ్చింది, అక్కడ నిదానించక తప్పలేదు, ఆగింది. ఆ రోజు ప్రార్థన అయిపోయాక గేటు చేరాను. అలా ఆలస్యం కావడం అప్పటికే చాలాసార్లు అయింది. హెడ్‌మిస్ట్రెస్ గారు గేటు దాకా వచ్చి, గొంతు పెంచకుండానే అన్నారు: "వచ్చే సోమవారం కూడా గంట తర్వాత వస్తే లోపలికి రానక్కర్లేదు. ఆ కారులోనే తిరిగి వెళ్లిపో." ఆ వచ్చే సోమవారమే నేను పాఠం చెప్పాల్సిన రోజు. డ్రైవరు ఇంటికి పోయి ఈ మాట నాయనకు చెప్పాడు.

శనివారం నన్ను తీసుకురావడానికి నాయన కూడా వచ్చాడు. కారెక్కాక ముందుకే చూస్తూ అన్నాడు: "రేపు సాయిబు ఏం సేస్తాడో సేయనీ. సోమవారం దావలో ఆగిందంటే ఆడికాడికే వెనక్కి తిప్పుతాం. సదువు సాలు."

నేను "ఊఁ" అన్నాను. వినిపించిందో లేదో.

నంద్యాల దాటాక ఒక పొడుగాటి మిట్ట వస్తుంది. ఆ రోజు మా ముందు పత్తి మూటల బండ్లు వరసగా పోతున్నాయి. వాటిని దాటడానికి వీల్లేక, మనిషి నడకకన్నా నిదానంగా ఆ మిట్ట ఎక్కాం. ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది అని నేను సీటు అంచు పట్టుకుని ఉన్నాను. ఆగలేదు. "ఈ పొద్దు బుద్ధిగా ఉండాది" అన్నాడు డ్రైవరు. మిట్ట పైకి చేరి, బండ్లను దాటి, అవతల పల్లంలోకి దిగుతూ మేకలకోసం ఒక్కసారి బ్రేకు తొక్కాడు. అంతే, దగ్గి ఆగిపోయింది.

నాయన దిగి దూరంగా పోయి నిలబడ్డాడు. డ్రైవరు బానెట్ ఎత్తాడు. అప్పుడు కూడా నాకు ఆ సంతోషం వచ్చిందని చెప్పాలి. కానీ దాని మీదుగా వేరే సంగతి ఒకటి మనసులోకి వచ్చింది. ఎక్కేటప్పుడు అంతసేపు నిదానంగా పోతే ఆగని కారు, దిగేటప్పుడు ఇంత కొంచెం నిదానిస్తే ఎందుకాగింది? వాగుకు పోయే దారి పల్లం. గోస్పాడు మలుపు పల్లం. శిరివెళ్ల మాత్రం పల్లం కాదు, అక్కడ బ్రేకు గట్టిగా తొక్కాల్సి వస్తుంది. ఆ తర్వాత ఏమనుకోవాలో తెలియలేదు. ఇందులో ఏదైనా ఉందో, నాకు ఉన్నట్టు అనిపిస్తోందో.

ఆదివారం పొద్దున డ్రైవరు పెరట్లో కారు పక్కన కూర్చుని విప్పిన సామాన్లు గోనె మీద పేర్చుకుంటున్నాడు. నేను నీళ్ల చెంబు తీసుకుపోయి ఇచ్చి, ఖాళీ చెంబు తీసుకుని కూడా అక్కడే నిలబడ్డాను.

"ఏందీ పాపా?"

"మిట్ట ఎక్కేటప్పుడు నిదానమైనా ఆగదు" అన్నాను. "పల్లానికి పోతూ బ్రేకు ఏస్తేనే ఆగుతుంది."

ఆయన నా వైపు కాదు, కారు వైపు చూశాడు. "షెడ్డుకాడ నిలబెడితే ఆగదు" అన్నాడు, నాతోనో తనతోనో. "ఎక్కేటప్పుడు ట్యాంకులో డీజిల్ వెనక్కి పోతాది. దిగేటప్పుడు, బ్రేకు తొక్కినప్పుడు, ముందుకొస్తాది. పైపు మూతి ముందరనే ఉండాది. మరి డీజిల్ ముందుకొస్తే మంచిదే గదా, ఇంకా బాగ అందాల." లేచి డిక్కీ తెరిచాడు. "దాంతోబాటు ఇంకేమన్నా వస్తాందేమో."

ట్యాంకులోకి ఆయన అంతకు ముందు టార్చి వేసి చూసినవాడే. నల్లటి డీజిల్ తప్ప ఏమీ కనపడలేదట. ఈసారి చెంబుతో తోడి బకెట్లలో పోశాడు. అడుగుకు వచ్చాక కమ్మీ ముక్క వంచి లోపల కెలికాడు. కమ్మీకి చిక్కి, చెయ్యంత పొడుగు గుడ్డ ఒకటి కారుతూ పైకి వచ్చింది. నల్లగా ఉంది. ఒక కొసన చిన్న ముడి. ఆయన ముడి దగ్గర వేళ్లతో పిండితే లోపల మడతలో పసుపు కనబడింది. మడతలో ఇంకా నాలుగు బియ్యపు గింజలు ఉన్నాయి.

ఆయన దాన్ని నేల మీద వెయ్యలేదు. భుజం మీది తువ్వాలు తీసి, దాని మీద పెట్టి, "మీ నాయన్ను పిలుచుకరా" అన్నాడు.

నాయనకంటే ముందు జేజి వచ్చింది. తువ్వాలు చూసి గడప దగ్గరే ఆగింది.

"ఎవురు తియ్యమన్నారు దాన్ని?"

నాయన వచ్చి గుడ్డ చూశాడు, తల్లిని చూశాడు. "ఏందమ్మా ఇది?"

"స్వామిది. అహోబిలంలో స్వామికి కట్టి తీసిన బట్టలో ముక్క. బిడ్డ బడికి పోబట్టిన కొన్నాళ్లకు అయ్యవారిచ్చినాడు. అక్షింతలు కట్టి నేనే ఏసినా." ఆమె గొంతులో దాపరికం లేదు. "జొన్నలు పోసేటప్పుడు కొత్త పాతర్లో ఏసేది ల్యాదా? మీ నాయన ఉన్నన్నాళ్లూ ఏసినాం. ఆడ పాతర కడుపు నిండాల, ఈడ బండి కడుపు నిండాల. బిడ్డ పోయి వచ్చే బండి."

మా ఇంట్లో ధాన్యం పోసుకునే పాతర కొత్తగా తీసినప్పుడల్లా, మొదటి గంప కుమ్మరించే ముందు అడుగున ఇలాంటి గుడ్డ వేసేవాళ్లు. చిన్నప్పుడు నేనూ చూశాను. ట్యాంకు మూత వెడల్పుగా ఉంది, దాని మూతి చీకటిగా ఉంది, రోజూ దాంట్లో ఏదో పోస్తుంటారు. జేజికి అది మరో పాతరలా కనబడటంలో వింత లేదు.

డ్రైవరు మెల్లగా వివరించాడు. బ్రేకు వేసినప్పుడు డీజిల్‌తోపాటు గుడ్డ ముందుకు వచ్చి పైపు మూతికి అతుక్కుంటోంది. డీజిల్ అందక ఇంజను ఆగుతోంది. ఆగాక పీల్చడం ఉండదు కనుక మళ్లీ ఊడిపోతోంది.

జేజి అంతా విన్నది. "ఎప్పుడన్నా జోరుగా పోయేటప్పుడు ఆపిందా?" అంది.

"ల్యాదవ్వా."

"మనిషికి దెబ్బ తగిలిందా?"

"ల్యాదు."

"మరేంది మీ బాధ? నిదానంగా ఉన్నప్పుడే స్వామి ఆపినాడు. మంచిగనే సూసుకున్నాడు గదా."

డ్రైవరు బకెట్లు పక్కకు జరుపుకున్నాడు. నాయన మీసం దువ్వుకుంటూ నేలకేసి చూశాడు.

"తీసినారు గదా" అంది జేజి చివరికి. "ఇంక బిడ్డ ఆ కారెక్కదు."

నాయన తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. "సరేలే" అని లోపలికి పోయాడు. డ్రైవరు ట్యాంకు కడిగి, డీజిల్ నింపి, ఊరి బయట పల్లంలో నాలుగైదు సార్లు బ్రేకు వేసి చూసుకొచ్చాడట. ఒక్కసారి కూడా ఆగలేదట. కారు బాగైంది, నా ప్రయాణం పోయింది. ఉదయం నుంచి ఇంత జరగడానికి నేనే నోరు విప్పడం కారణం. విప్పకుండా ఉంటే ఏమయ్యేదో, అదీ ఇంతే కదా, అని మధ్యాహ్నమంతా గోడకు ఆనుకుని కూర్చున్నాను.

సాయంత్రం జేజి గుడ్డను కుంకుడు రసంతో ఉతికి దండెం మీద ఆరేసింది. నల్లదనం సగం పోయింది, వాసన పోలేదు. నా పక్కకు వచ్చి కూర్చుంది.

"నువ్వు సెప్పు. పోవాలనుండాదా నీకు?"

అంతకు ముందు ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు. చదువుకు పంపుతామనీ మానిపిస్తామనీ అన్నారు గానీ.

"ఉంది జేజీ. భయంగా కూడా ఉంది. అక్కడ అందరి ముందరా నిలబడి పాఠం చెప్పాల."

"భయమైతే పోవద్దు."

"పోవాలనే ఉంది."

"రెండూ ఒక్కతూరి ఎట్లుంటాయే?"

"తెలీదు. ఉన్నాయి."

నేను దండెం వైపు చూశాను. ఆమె లేచి లోపలికి పోయింది. తర్వాత నాయనతో ఏం మాట్లాడిందో నేను వినలేదు.

చీకటితోనే నాయన నన్ను లేపి, "బేగా కానీ" అన్నాడు. అంతే అన్నాడు. నేను తయారై వచ్చేసరికి ఇంజను ఆడుతోంది. వెనక సీట్లో జేజి చోట నాయన, ఒళ్లో గొడుగు పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె రావడం లేదు. గుడ్డ లేని కారులో తను కూర్చోనంది, కానీ నన్ను ఆపలేదు. నేను ఎక్కి తలుపు వేసుకున్నాక గడప దిగి వచ్చి అద్దం మీద చెయ్యి పెట్టింది. అద్దం దించాను. ఇంజను మోతలో వినబడాలని తల లోపలికి పెట్టి చెప్పింది:

"సేరినానని కార్డు ముక్క రాయి. ఎవురితోనూ సదివించుకోను నేను. శనివారం నువ్వే వచ్చి సదువు."